నెల దుకాణానికి ఆరు రాతి బొమ్మలు

2007వ సంవత్సరం. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా ముగించి, నంద్యాలలో ఒక కాంట్రాక్టరు దగ్గర సైట్ సూపర్‌వైజరుగా చేరి అప్పటికి మూడో ఏడు. కాంట్రాక్టరును అందరూ రెడ్డన్న అనేవాళ్ళు. మేము కట్టిందల్లా విప్పేయడానికే కట్టేవాళ్ళం. పెళ్ళి స్టేజీలు, మీటింగు వేదికలు, ఎగ్జిబిషన్ స్టాళ్ళు, ఎండాకాలం చలువ పందిళ్ళు. పునాది లేని ఇంజినీరింగు అని నా క్లాస్‌మేట్లు ఎగతాళి చేసేవాళ్ళు. నిజానికి పునాది లేనప్పుడే లెక్క ఎక్కువ కావాలి. గాలి ఎటు నుంచి వస్తుంది, జనమంతా ఒకవైపు చేరితే ఏ కాలు కుంగుతుంది, వాన పడితే ఏ వైరు తడుస్తుంది, విప్పేటప్పుడు ముందు ఏది తీయాలి. ఇవి రాసుకోకుండా నేను ఏ పనీ మొదలుపెట్టేవాణ్ణి కాదు. అలా రాసుకున్నా కొన్ని పనులు మనిషిని అరగదీస్తాయి. ఇది అలాంటి పని.

ఆ ఏడు ఎండలు ముదరక ముందే బెంగళూరు నుంచి శాలిని అనే ఆమె రెడ్డన్న దగ్గరికి వచ్చింది. ఆమెకు సొంతంగా ఒక ఫ్యాషన్ లేబుల్ ఉంది. అంటే ఒక పేరు పెట్టుకుని, ఆ పేరు మీద తను గీసిన బట్టలే కుట్టించి అమ్ముతుంది. స్టేషన్ దగ్గర ఎన్నో ఏళ్ళుగా మూతబడిన జిన్నింగ్ మిల్లులో, అంటే ఒకప్పుడు పత్తి నుంచి గింజలు తీసిన షెడ్డులో, ఒక్క నెల దుకాణం పెట్టి ఎత్తేస్తానంది. పెద్ద నగరాల్లో దాన్ని పాప్-అప్ షాప్ అంటారని చెప్పింది. కొత్త పోకడల లేబుళ్ళు మెరిసే బజార్లు వదిలేసి, ఎవరూ ఊహించని ఊళ్ళో, ఎవరూ వాడని చోట ఇలా కొన్నాళ్ళు తెరిచి మాయమవుతాయట. తన నూలుకు పత్తి ఈ వైపు నుంచే వచ్చేది గనక తను నంద్యాలను ఎంచుకుంది. కొనేవాళ్ళు బెంగళూరు నుంచీ హైదరాబాదు నుంచీ కార్లలో వస్తారంది.

రెడ్డన్న అంతా విని, "అంటే సర్కస్ మాదిరి, గుడారం ఏసి పీకేసేది. అంతే గదమ్మా?" అన్నాడు.

"అంతే. కాకపోతే ఏనుగులుండవు," అంది శాలిని.

ఆమె చెప్పినవి చెప్పినట్టు రాసుకున్నాను. గోడలకు సున్నం వేయకూడదు. దూలాల మీద పేరుకున్న పాత దూది దులపకూడదు. బయట బోర్డు ఉండకూడదు. లైట్లు నేరుగా బట్టల మీద పడకూడదు. చివరిది, బట్టలు తొడిగే డమ్మీలు ప్లాస్టిక్‌వి వద్దు. ఆళ్ళగడ్డలో రాతి శిల్పులున్నారు గదా, వాళ్ళతో తల, చేతులు లేని ఆరు రాతి డమ్మీలు చెక్కించాలి.

బట్టలు కూడా చూపించింది. అన్నీ నలుపు, లేదా బూడిద రంగు. ఒక చెయ్యి పొడుగు, ఒకటి పొట్టి. అంచులు మడిచి కుట్టలేదు, పోగులు వేలాడుతున్నాయి. ముందువైపు మాత్రమే అతుకులు. వెనక మెడ నుంచి కింది దాకా ఒకటే గుడ్డ, ఎక్కడా కుట్టు లేదు. తన బట్టల విశేషం ఆ వీపేనని చెప్పింది. మగ్గం మీది నుంచి దిగినట్టు ఉండాలని, దానికోసమే రెండేళ్ళు తంటాలు పడ్డానంది.

డమ్మీకి ఆమె ఇచ్చిన బొమ్మను నేను స్కేలు డ్రాయింగుగా మార్చాను. మెడ దగ్గర ఒక అడ్డగీత, దానిపైన ఖాళీ. భుజాల దగ్గరా అంతే. ఛాతీ, నడుము, తుంటి కొలతలన్నీ వేసి ఆళ్ళగడ్డ బస్సెక్కాను.

ఆళ్ళగడ్డలో రోడ్డు పక్కనే శిల్పి మౌనాచారి కొట్టం. రేకుల కప్పు, చుట్టూ నందులు, ఏనుగులు, కొలుపుకు పెట్టే అమ్మవారి బొమ్మలు, ముక్కు ఇంకా తేలని ఒక నాయకుడి విగ్రహం. లోపలి మూల తడి గోనెపట్టాలు కప్పిన ఎత్తయిన రాయి ఒకటి ఉంది. పాములపాడు వైపు ఒక ఊరివాళ్ళు కొత్తగా కడుతున్న గుడికి చెన్నకేశవస్వామి మూలవిరాట్టు. ఇరవై ఏళ్ళ పనిలో ఆచారికి దక్కిన మొదటి మూలవిరాట్టు అది. ఊరి పెద్దలు ప్రతి అమావాస్యకూ వచ్చి చూసిపోతారని, అది సరిగ్గా దిగితే ఇక నందులు చెక్కే బతుకు తప్పుతుందని నాకు టీ తాగిస్తూ చెప్పాడు.

నా డ్రాయింగును కాసేపు చూశాడు. "కొలతలు బాగుండాయి సారూ. మిగతాది నాకిడ్సిపెట్టు," అన్నాడు. మిగతాది అంటే నునుపు, పీఠం అనుకున్నాను.

నడుమ రెండుసార్లు పోయి చూశాను. రెండోసారి శరీరాలు చక్కగా తేలాయి. కానీ మెడపైన ఒక రాతి ముద్ద, ముందువైపు మరో రెండు దిమ్మలు అలాగే ఉన్నాయి.

"పైన ఈ రాయి ఎందుకప్పా ఇడ్సినావ్?"

"అది ఆఖర్న సారూ. ముందు ఒళ్ళు కుదరనీ."

మా పనిలోనూ అంచులు చెదరకుండా కాంక్రీటు కొంత ఎక్కువ పోసి చివర్లో కోస్తాం. ఇదీ అంతే అనుకుని బస్సెక్కాను.

దుకాణం తెరవడానికి రెండు రోజుల ముందు లారీ వచ్చింది. ఆచారి కూడా దానిలోనే వచ్చాడు. చెయిన్ పుల్లీతో ఒక్కొక్కటే దించి, గడ్డి విప్పాం. మొదటి బొమ్మకు ముఖం ఉంది. రెండోదానికీ ఉంది. ఆరింటికీ తలలు, మోచేతి దగ్గర వంగి కొంచెం ముందుకు వచ్చిన చేతులు. ఏ ఇద్దరి ముఖమూ ఒకటి కాదు. ఒకామె గడ్డం కొంచెం పైకెత్తింది, ఒకామె ఎవరో పిలిస్తే విన్నట్టుంది. కళ్ళు మాత్రం తెరవలేదు. రెప్పలు నున్నగా మూసి ఉన్నాయి.

రెడ్డన్న ఆరింటి చుట్టూ తిరిగి వచ్చి నా ముందు నిలబడ్డాడు. "ఏందప్పా ప్రసాదూ ఇది? మేడమ్ తలకాయలు ఒద్దనె గదా."

"డ్రాయింగులో లేవన్నా."

"లేవు గదా, అందుకే పెడితి," అన్నాడు ఆచారి, పని బాగా చేసినవాడి గొంతుతో. "ఎవురు బొమ్మ గీసుకోనొచ్చినా ముఖం గియ్యరు రెడ్డన్నా. ఎత్తు చెప్తారు, ఒళ్ళు చెప్తారు. ముఖం శిల్పికే ఇడుస్తారు. అది అడిగితే మాకు తప్పు, చెప్తే వాళ్ళకు తప్పు. తల ఖాళీ ఉండాది గనక నాకిడ్సినారనుకుంటి. కన్ను మాత్రం తెరవలా. కన్ను దేవునికే."

అప్పుడు నాకు అర్థమైంది. ఆళ్ళగడ్డ శిల్పుల దగ్గర కాగితం మీద తల లేకపోవడమంటే తల వద్దని కాదు, తల నీ ఇష్టమని. గుడి కమిటీల నుంచి విగ్రహాల వ్యాపారుల దాకా అందరూ అలాగే ఇస్తారు. చాలాకాలంగా అలా నడుస్తున్నచోట నేనొక్కణ్ణి పోయి అదే కాగితానికి వేరే అర్థం పెట్టుకుని కూర్చున్నాను. ఆచారి మాత్రం ఏం చేస్తాడు?

చిక్కు బట్టలతో వచ్చింది. శాలిని బట్టలు మెడ దగ్గర బిగుతు. తలమీద నుంచి దిగవు. కింద పీఠం ఉంది, కాళ్ళ నుంచి ఎక్కవు. ప్లాస్టిక్ డమ్మీకి చేతులు ఊడదీసి తొడుగుతాం. రాతి చేతులు ఊడవు.

"అయితే కోసేయ్," అన్నాడు రెడ్డన్న. "గ్రైండరుంది గదా. తల, చేతులు లేపేస్తే పాయె."

ఆచారి ముఖం ఎండిపోయింది. "అట్ల మాట్లాడొద్దు రెడ్డన్నా. మొండెం నా కొట్టంలోంచి బయటికి పోగూడదు. చెక్కేటప్పుడు విరిగినా సరే, కుందూ ఏట్లో ఏసి వస్తాం."

"ఇది నీ కొట్టం కాదు గదప్పా, నా సైటు."

"చెక్కింది నా చెయ్యే గదా. పాములపాడోళ్ళకు తెలిస్తే స్వామి రాయి ఎత్తుకపోతారు. మొండేలు చెక్కిన చేత్తో మూలవిరాట్టు ముట్టనిస్తారా ఎవురైనా? ఇరవై ఏండ్లకు వచ్చింది నాకాపని."

రెడ్డన్న మా దగ్గర రాయి, టైల్సు కోసే బాషాను పిలిచాడు. యాంగిల్ గ్రైండరు అంటే చేత్తో పట్టుకుని తిరిగే బ్లేడుతో రాతిని కోసే మిషను. దాంతో బాషా కోసిన గీత స్కేలు పెట్టినట్టుంటుంది. అతను బొమ్మలను చూశాడు, గ్రైండరు కింద పెట్టాడు.

"నాతో కాదన్నా."

"ఎందుకు కాదు?"

"సాయిబు ఆడబొమ్మల తలకాయలు కోసినాడని రేపు టీ కొట్ల కాడ చెప్పుకుంటారు. అవి దేవుళ్ళు కాదని నువ్వు ఎంతమందికి చెప్తావ్? నేను ఈ ఊళ్ళో బతకాల గదన్నా."

రెడ్డన్న నావైపు తిరిగాడు. నేను చెప్పాల్సిన పని లేకుండా బాషానే చెప్పాడు. "ఆయప్పదీ అదే కథ. వాళ్ళు కిరస్తానోళ్ళు, నాయన బండాత్మకూరు మిషన్ స్కూల్లో అయ్యవారు. ఆయప్ప కోస్తే ఇంకొక రకంగా చెప్పుకుంటారు."

"మంచి ఇంజినీరును పెట్టుకుంటినే," అన్నాడు రెడ్డన్న.

"మీరు కోయండన్నా. మీకు ఎవురూ ఏమీ అనరు," అన్నాను. అలసటలో అన్న మాట, ఎగతాళికి కాదు.

రెడ్డన్న నిజంగానే గ్రైండరు తీసుకున్నాడు. ప్లగ్గు పెట్టించాడు. మొదటి బొమ్మ ముందుకు పోయాడు. ఆమె గడ్డమెత్తి నిలబడి ఉంది. గ్రైండరు ఆన్ చేయలేదు. దాన్ని బాషా చేతికిచ్చి, "ఫోన్ వచ్చినట్టుంది," అని బయటికి పోయాడు. ఫోన్ మోగింది మాకెవరికీ వినపడలేదు.

మర్నాడు పొద్దున శాలిని వచ్చింది. కారు దిగి నేరుగా షెడ్డులోకి పోయింది. ఆమె వెనక ఇద్దరు పనివాళ్ళు బట్టల సంచులు మోసుకొచ్చారు. బొమ్మలను చూసి ఆమె అరుస్తుందనుకున్నాను. ఆమె మాత్రం ప్రతి ముఖం ముందూ కొంచెం కొంచెం ఆగింది. నేను విషయమంతా వరసగా చెప్పాను. డ్రాయింగు ఎవరు ఎలా చదివారు, కోస్తే ఆచారికి ఏమవుతుంది, ఎవరెవరు కోయనన్నారు. ఆమె ఒక సిమెంటు దిమ్మ మీద కూర్చుంది.

"రేపు ఫోటోలు తీసేవాళ్ళు వస్తున్నారు ప్రసాద్. ఇంకో దారి ఏమైనా ఉందా?"

"బట్టలు దూలాలకు తగిలించొచ్చు మేడమ్."

"వీపు కనపడదు. ఒంటి మీద ఉంటేనే దానికి ఆకారం."

ఆచారి గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. రాత్రి మిల్లు వాకిట్లోనే పడుకున్నట్టుంది, పంచెకు గడ్డి అంటుకుని ఉంది. ఆమె అతన్ని పిలిచింది.

"ఆచారిగారూ, తల తీస్తే నిజంగా ఏమవుతుంది? పెద్దమనుషుల సంగతి వదిలేయండి. మీకు."

"ఏమీ కాదమ్మా. రాయి రాయే." అతను బొమ్మల వైపు చూడలేదు. "నా చేతికి మళ్ళా పని రాదు, అంతే. పనొచ్చినా చెయ్యి రాదు."

"వీటికి వెనకపక్క చీలిస్తే తొడగొచ్చు," అంది ఆమె, సంచీలోంచి ఒక బట్ట తీసి వీపు మీద అరచెయ్యి ఆన్చి. "చీలిస్తే ఇక ఇందులో నేను చేసిందేమీ ఉండదు."

"మళ్ళా కుట్టుకోవచ్చు గదమ్మా?" అన్నాడు ఆచారి.

"తల మళ్ళీ అతికించుకోవచ్చు గదా మీరు?"

ఆచారి తల వంచుకున్నాడు. "తప్పు మాట అంటిని. మన్నించమ్మా," అన్నాడు.

అంతలో కరెంటు పోయింది. జనరేటరు పెట్టమంటావా అని బాషా సైగ చేస్తే వద్దన్నాను. ఆమె లేచి, పెద్ద కత్తెర తెమ్మంది. రెడ్డన్న అప్పుడే వచ్చి, "ఏమమ్మా, ఆలోచించుకో, ఒక్క పూటలో పక్క ఊరి నుంచి ఎవురినైనా తెచ్చి కోయిస్తా," అన్నాడు.

"వద్దండీ. బట్ట నాది, నేను కోసుకోవచ్చు. ఆ తల నాది కాదు."

మొదటిదానికి చాలాసేపు పట్టింది. నన్ను టేపు పట్టమని, వీపు నడిమి గీతను రెండుసార్లు గుర్తు పెట్టించి, మళ్ళీ చెరిపి, చివరికి గుర్తు లేకుండానే కోసింది. మిగతా ఐదూ త్వరగా అయిపోయాయి. కోసిన బట్టను బొమ్మ ముందు నుంచి చేతుల్లోకి ఎక్కించి, వెనక నాడాలతో కట్టాం. కట్టడం ఆచారి, ఆమె కలిసి చేశారు. ఆ పనిలో వాళ్ళు మాట్లాడుకున్నవి రెండే మాటలు, "బిగించు," "చాలు." అయ్యేసరికి ఆమె చేతులకు రాతి పొడి, అతని చేతులకు నల్ల పోగులు.

దుకాణం తెరిచిన రోజు కార్లు వచ్చాయి. ఫోటోలు ముందువైపు నుంచే తీశారు. ఒక హైదరాబాదు ఆవిడ బొమ్మ వెనక్కి పోయి, నాడాలు చూసి, ఈ ఓపెన్ బ్యాక్ మోడలే కావాలంది. అది అమ్మకానికి కాదంది శాలిని. ఊరివాళ్ళు కూడా వచ్చి చూశారు. బట్టల గురించి ఎవరూ అడగలేదు గానీ బొమ్మలు ఎంతకిస్తారని చాలామంది అడిగారు.

మధ్యాహ్నం ఒక జీపు వచ్చి ఆగింది. పాములపాడు వైపు పెద్దలు, ముగ్గురు. నంద్యాల మిల్లులో ఆచారి మొండేలు చెక్కి పెట్టినాడని ఎవరో అక్కడిదాకా చేరవేశారు. వాళ్ళు రావడం చూసి ఆచారి లోపలికి రాలేదు, ఎదురుగా టీ కొట్టు బెంచీ మీద కూర్చుండిపోయాడు. ముగ్గురిలో ముసలాయన ఓబులయ్య. చేతికర్రతో వచ్చాడు. చెప్పులు గుమ్మం దగ్గర విడవాలా వద్దా అని కాసేపు తటపటాయించి, వదిలే లోపలికి వచ్చాడు.

"యాడప్పా ఆ బొమ్మలు?" అని నన్నే అడిగాడు.

చూపించాను. ఆరింటి ముందూ ఆగుతూ నడిచాడు. ఒక్కొక్క ముఖానికి తన ముఖం దగ్గరగా పెట్టి చూశాడు. కళ్ళు తెరవలేదని తనే గమనించి, పక్కవాళ్ళకు కర్రతో చూపించాడు. తర్వాత వెనక్కి పోయాడు. చీలిన వీపులు, వేలాడే నాడాలు చూసి ఆగిపోయాడు.

"ఏందమ్మా ఇది? కుట్టు పూర్తి కాలేదే?"

"లేదు తాతా," అంది శాలిని. "తలలున్నాయని నేనే కోసినాను."

ముసలాయన ఆమెను, ఆ గుడ్డను మార్చి మార్చి చూశాడు. "తలకాయలుండాయి. పాండి పోదాం," అన్నాడు తన వాళ్ళతో.

నేను వాళ్ళ వెనకే గేటు దాకా పోయాను. ఆచారి బెంచీ మీద నుంచి లేచి నిలబడ్డాడు. జీపు ఎక్కబోతూ ఓబులయ్య అతని దగ్గర ఆగాడు.

"అమావాస్యకు వస్తాం ఆచారీ. స్వామికి ముఖం మొదలుపెట్టు ఇంక."

ఆచారి తల ఊపాడు. జీపు పోయాక కూడా అలాగే ఊపుతూ ఉన్నాడు. తర్వాత టీ చల్లారిందని కొట్టువాణ్ణి తిట్టి, ఇంకొకటి పోయించుకున్నాడు.

నెల ముగిశాక అన్నీ విప్పాం. దుకాణం అనుకున్నంత నడవలేదని శాలిని దాచకుండానే చెప్పింది. బొమ్మలను గడ్డిలో చుట్టి బెంగళూరు లారీ ఎక్కించాం. కోసిన ఆరు బట్టలనూ ఆమె తనే మడిచి కారులో పెట్టుకుంది. తర్వాత ఆమెతో పని పడలేదు.

అప్పటి నుంచీ కొత్త మనిషికి పని అప్పజెప్పేటప్పుడు నేను రెండో ప్రశ్న ఒకటి అడుగుతున్నాను. ఏం చేస్తావని అందరం అడుగుతాం. దానికి జవాబు వెంటనే వస్తుంది. ఈ పనిలో నువ్వు చెయ్యనిదేందప్పా అని అడిగితే మాత్రం మనిషి బీడీ ముట్టించుకుంటాడు, ఎటో చూస్తాడు, రేపు చెప్తానంటాడు. చాలాసార్లు ఆ రేపు కోసం ఇంకోసారి బస్సెక్కాల్సి వస్తుంది. విసుగే. అయినా ఆ జవాబు నోటితో వచ్చేదాకా కొలతలు ఇవ్వను. ఆ ఆలస్యాన్ని ఇప్పుడు ముందే షెడ్యూల్లో కలుపుతాను. ఎందుకని రెడ్డన్న ఎప్పుడూ అడగలేదు.